లినక్స్ మింట్‌కి సరిపడే గ్రాఫిక్స్ కార్డ్ ఏది? 25 వేల లోపు

రాజమండ్రి_మాస్టారు
పాత డెస్క్‌టాప్. ఐ5 9400ఎఫ్, హెచ్310 బోర్డ్, 16 జీబీ ర్యామ్, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. 11కి వెళ్లబుద్ధి కాక లినక్స్ మింట్ 22 వేసుకున్నాను. బాగానే ఉంది.

పని ఏంటంటే, కాలేజీ పిల్లలకి పాఠాలు ఓబీఎస్‌లో రికార్డ్ చేసి కెడెన్‌లైవ్‌లో కత్తిరిస్తాను. మావాడు ఇంటర్ రెండో ఏడు. ఆటలు ఆడతాడు, ఈ మధ్య త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ పట్టుకున్నాడు. ఏ సీన్ తెరిచినా 4 జీబీ చాలడం లేదంటున్నాడు. పైగా మా కార్డ్‌కి కొత్త డ్రైవర్లు ఇక రావని చదివాను.

ఒక షాపులో అడిగితే "లినక్సా? అది సర్వర్ల వాళ్లకి కదా సార్, ఏ కార్డయినా తీసుకోండి, బాక్స్‌లో సీడీ ఉంటుంది" అన్నాడు. మా కంప్యూటర్‌కి సీడీ డ్రైవే లేదు. అందుకే ఇక్కడికొచ్చాను. బడ్జెట్ 25 వేలు, అంతకు మించి ఇంట్లో అనుమతి లేదు.

నాని77
ఏఎండీ తీసుకోండి. చర్చ సమాప్తం.

ఓరుగల్లు_గీక్
వచ్చాడండీ. ఏం అడిగినా ఇదే జవాబు. రేపు ఎవరైనా ఫ్రిజ్ ఏది కొనాలన్నా ఏఎండీ అంటాడు.

కెర్నల్_కాశీ
ముందు డ్రైవర్ సంగతి తేలుద్దాం, మాస్టారు చదివింది నిజమే. ఎన్‌విడియాలో మాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా తరాలకి 580 సిరీస్ డ్రైవరే ఆఖరిది. 590 నుంచి వాటిని తీసేశారు. 1050 టీఐ పాస్కల్. అంటే మీ కార్డ్ రేపు ఉదయం ఆగిపోతుందని కాదు. మింట్‌లో 580 ఉన్నంతకాలం అదే వాడుకుంటూ పోవచ్చు. ఆర్చ్ లాంటి రోలింగ్ డిస్ట్రోల (ఎప్పటికప్పుడు కొత్త ప్యాకేజీలు వచ్చిపడే లినక్స్ రకాల) వాళ్లకే ముందు దెబ్బ తగిలింది. అక్కడ మామూలు ప్యాకేజీ 590కి మారింది కాబట్టి పాస్కల్ ఉన్నవాళ్లు 580ని విడిగా ఏయూఆర్ అనే యూజర్ల ప్యాకేజీల గిడ్డంగి నుంచి తెచ్చుకోవాలి. మింట్, ఉబుంటు వాళ్లకి ఆ తొందర లేదు.

కాబట్టి డ్రైవర్ కోసమే అయితే మార్చక్కర్లేదు. బ్లెండర్ కోసం, 4 జీబీ చాలక అయితే మార్చండి.

పెంగ్విన్‌పిల్ల
కాశీ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. 1050 టీఐ వచ్చింది 2016 అక్టోబర్‌లో. దాదాపు అదే కాలపు ఏఎండీ ఆర్ఎక్స్ 580, 2017 ఏప్రిల్. ఆ 580కి ఇవాళ్టికీ కొత్త కెర్నల్ (లినక్స్ గుండెకాయ), కొత్త మెసా (ఓపెన్ గ్రాఫిక్స్ డ్రైవర్ల కట్ట)తో డ్రైవర్ వస్తూనే ఉంది. అంతెందుకు, 2012 నాటి హెచ్‌డీ 7000 సిరీస్ కార్డులని 6.19 కెర్నల్‌లో పాత రేడియాన్ డ్రైవర్ నుంచి ఏఎండీజీపీయూకి మార్చారు. ఆ పని చేసింది ఏఎండీ కూడా కాదు, స్టీమ్ నడిపే వాల్వ్ తరఫున పనిచేసే డెవలపర్. కోడ్ తెరిచి ఉంటే కంపెనీ వదిలేసినా ఇంకొకరు పట్టుకుంటారు. నాకు ఈ ఒక్క కారణం చాలు.

నాని77
నేనూ అదే చెప్పా, రెండు ముక్కల్లో.

భాను_త్రీడీ
ఆగండి ఆగండి. ఆయన బ్లెండర్ అన్నారు. నేను హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో పనిచేస్తాను, సీట్లన్నీ లినక్సే. బ్లెండర్‌లో సైకిల్స్ అనే ఇంజిన్‌తో రెండర్ అంటే, దాన్ని కార్డ్ మీద నడిపే ఎన్‌విడియా ఆప్టిక్స్‌కి దగ్గరలో ఏదీ లేదు. ఏఎండీకి అదే పని చేసే హెచ్ఐపీ ఉంది, లినక్స్‌లో బ్లెండర్ 3.2 నుంచి, అంటే 2022 నుంచి పనిచేస్తోంది. కానీ దానికి మెసా చాలదు, ఏఎండీ కంప్యూట్ సాఫ్ట్‌వేర్ ఆర్ఓసీఎంలోని హెచ్ఐపీ లైబ్రరీలు విడిగా పెట్టుకోవాలి. అవి పెట్టాక కూడా అదే ధరలో ఉన్న ఎన్‌విడియా కార్డే ముందుంటుంది.

బాబు సీరియస్‌గా త్రీడీ నేర్చుకుంటాడా, సరదాకా? అది చెప్పండి ముందు.

రాజమండ్రి_మాస్టారు
వాడికే తెలియదు. పోయిన నెల గిటార్ నేర్చుకుంటానన్నాడు.

లక్ష్మీ_ఎస్
😂 అయితే గిటార్ కన్నా గ్రాఫిక్స్ కార్డే నయం, అమ్మితే డబ్బులొస్తాయి

డెబియన్_దాసు
అసలు కార్డ్ పేర్లలోకి వెళ్లేముందు ఒక మాట. లినక్స్‌లో కార్డ్ మంచిదా కాదా అన్నది సగం ప్రశ్నే. మీ డిస్ట్రోలో ఉన్న కెర్నల్, మెసా ఆ కార్డ్ కంటే తర్వాత వచ్చాయా లేదా అన్నది మిగతా సగం. ఏఎండీ, ఇంటెల్ కార్డులకి డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, ప్రోగ్రాములు బొమ్మ గీయించుకునే ఓపెన్‌జీఎల్, వల్కన్ భాగాలు మెసాలో ఉంటాయి, ఫర్మ్‌వేర్ ఇంకో ప్యాకేజీలో ఉంటుంది. మూడూ కలిస్తేనే బొమ్మ.

ఉదాహరణకి ఆర్ఎక్స్ 9070, 2025 మార్చిలో వచ్చింది. డెబియన్ 12లో కెర్నల్ 6.1, మెసా 22.3. అందులో ఆ కార్డ్ పెడితే తెర వస్తే గొప్ప. అదే డెబియన్ 13లో కెర్నల్ 6.12, మెసా 25.0. నడుస్తుంది. డెబ్బై వేలు పెట్టి కొన్న కార్డ్ పాత కెర్నల్ మీద ఏడుస్తుంటే తప్పు కార్డ్‌ది కాదు.

మాస్టారు మింట్ 22 అన్నారు. మొదట వచ్చిన మింట్ 22లో కెర్నల్ 6.8. 22.2కి వచ్చేసరికి 6.14. మీది ఏది?

రాజమండ్రి_మాస్టారు
చూశాను. 6.8 అని ఉంది.

డెబియన్_దాసు
అప్‌డేట్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో లినక్స్ కెర్నల్స్ అని ఉంటుంది. అక్కడ 6.14 ఎంచుకోవచ్చు. ఇప్పుడే తొందరేం లేదు, పాత తరం కార్డ్ కొంటే 6.8 కూడా చాలు.

సీటీసీ_సీను
మార్కెట్ మాట నేను చెప్తా. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి వారానికోసారి పోతుంటా. ధరలు ఈ మధ్య నిలకడగా లేవు, ఇవాళ చెప్పింది రేపు ఉండదు. 25 వేల చుట్టుపక్కల మనకి కనిపించేవి: ఆర్ఎక్స్ 6600, ఆర్ఎక్స్ 7600, ఆర్‌టీఎక్స్ 3050, అదృష్టం ఉంటే ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ. ఇంటెల్ ఆర్క్ కూడా అక్కడక్కడా ఉంది. ధర అడిగేటప్పుడు జీఎస్టీ కలిపా కాదా అడగండి. 18 శాతం తర్వాత కలిపితే బడ్జెట్ గోవిందా. బిల్లు లేకుండా తీసుకుంటే తగ్గిస్తామంటారు, వారంటీ కూడా అప్పుడే తగ్గిపోతుంది.

ఓరుగల్లు_గీక్
ఆర్క్ బీ580 మీద ఎవరూ మాట్లాడరేంటి? 12 జీబీ, ఏవీ1 వీడియో ఎన్‌కోడ్, డ్రైవర్ మొత్తం ఓపెన్. పాఠాలు రికార్డ్ చేసేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి.

కెర్నల్_కాశీ
ఆయన బోర్డ్ చూశావా? హెచ్310, తొమ్మిదో తరం. ఆర్క్‌కి రీసైజబుల్ బార్ (కార్డ్ మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం) కావాలి, లేకపోతే పనితీరు దారుణంగా పడిపోతుంది. పదో తరం, ఆ పైన ఉన్న ఇంటెల్ సిస్టమ్‌లు వాడమని ఇంటెలే చెప్పింది. కొన్ని పాత బోర్డులకి బయాస్ అప్‌డేట్‌తో ఆ ఆప్షన్ ఇచ్చారు కానీ దాని మీద నమ్మకంతో ఇరవై అయిదు వేలు పెట్టమని నేనైతే చెప్పను. పైగా బీ580 తరమైన బ్యాటిల్‌మేజ్‌కి ఎక్స్‌ఈ డ్రైవర్, కెర్నల్ 6.12 పైన ఉండాలి. ఆయనది 6.8.

ఓరుగల్లు_గీక్
బోర్డ్ సంగతి సరే. కానీ ఈ చర్చ చదివే మిగతావాళ్లకి కొత్త బోర్డ్ ఉంటే బీ580ని మర్చిపోవద్దు, అంతే నా గోల.

ఊరికే_చూస్తున్నా
9400ఎఫ్‌లో ఆ ఎఫ్ లేకపోతే కార్డే అక్కర్లేకపోయేది కదా? పాఠాల వరకు.

కెర్నల్_కాశీ
అవును. 9400లో యూహెచ్‌డీ 630 ఉంటుంది, హెచ్264, హెచ్ఈవీసీ వీడియో ఫార్మాట్లు రెండూ ఎన్‌కోడ్ కూడా చేస్తుంది. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదు. కార్డ్ తీస్తే తెరే రాదు. కొనేటప్పుడు ఆ ఎఫ్‌కి తగ్గే వెయ్యి రూపాయలు తర్వాత ఇలా వసూలవుతాయి.

నాని77
అయితే మిగిలింది ఆర్ఎక్స్ 6600. నేను వాడేది అదే. మింట్‌లో కార్డ్ గుచ్చాను, ఆన్ చేశాను, అయిపోయింది. డ్రైవర్ అనే మాటే మర్చిపోయాను. 132 వాట్లు, ఆయన 450 ఎస్ఎంపీఎస్‌కి ఏఎండీ చెప్పే కనీసం కూడా 450నే.

ఓరుగల్లు_గీక్
6000 సిరీస్‌ని మెయింటెనెన్స్‌లో పెడుతున్నారని మొన్న వార్తల్లో పెద్ద రభస అయింది కదా? మళ్లీ 1050 టీఐ కథే అవుతుందేమో.

పెంగ్విన్‌పిల్ల
ఆ రభస విండోస్ డ్రైవర్ గురించి. లినక్స్‌లో ఆటలు ఆడేవాళ్లు వాడేది మెసాలోని ఆర్ఏడీవీ అనే వల్కన్ డ్రైవర్. దాన్ని 2016లో మొదలుపెట్టింది ఏఎండీ వాళ్లు కాదు, బయటి డెవలపర్లు. తర్వాత వాల్వ్ వాళ్లు ఏసీఓ కంపైలర్ రాసి అందులో కలిపారు. ఏఎండీ సొంత ఓపెన్ వల్కన్ డ్రైవర్ ఏఎండీవీఎల్‌కేని 2025లో ఆపేసి, మేమూ ఆర్ఏడీవీకే పనిచేస్తామంది. అంటే విండోస్‌లో ఏ నిర్ణయం తీసుకున్నా ఇటు అలాగే జరుగుతుందని లేదు.

రాజమండ్రి_మాస్టారు
మావాడు అడగమంటున్నాడు: 6600 పెడితే వాలరెంట్ ఆడొచ్చా?

కెర్నల్_కాశీ
ఏ కార్డ్ పెట్టినా లినక్స్‌లో వాలరెంట్ నడవదు. వాన్‌గార్డ్ అనే యాంటీ చీట్ విండోస్ కెర్నల్‌లో కూర్చుంటుంది, దానికి లినక్స్ వెర్షన్ లేదు. అపెక్స్ లెజెండ్స్ 2024లో లినక్స్ వాళ్లని బయటికి పంపింది. జీటీఏ ఆన్‌లైన్ కూడా అదే ఏడు బ్యాటిల్‌ఐ పెట్టాక పోయింది. సీఎస్ 2, డోటా 2 నేరుగా లినక్స్‌లో ఉన్నాయి. ఒంటరిగా ఆడే ఆటలు చాలామటుకు స్టీమ్‌లో, విండోస్ ఆటల్ని లినక్స్‌లో ఆడించే ప్రోటాన్ మీద నడుస్తాయి. కొనేముందు ప్రోటాన్‌డీబీలో వెతకమనండి.

లక్ష్మీ_ఎస్
పాపం బాబు. గిటారే బెటర్.

రాజమండ్రి_మాస్టారు
వాలరెంట్ రాదంటే వాడి ముఖం మాడింది కానీ నాకు మాత్రం ఈ కార్డులన్నింటి మీద ఒకేసారి గౌరవం పెరిగింది.

భాను_త్రీడీ
నేను మళ్లీ నా పాటే పాడతా. 3060 12 జీబీ దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. 12 జీబీ అంటే బ్లెండర్‌లో పెద్ద సీన్లు పడతాయి. ఓబీఎస్‌లో ఎన్‌విడియా వీడియో ఎన్‌కోడర్ ఎన్‌వీఎన్‌సీ నాణ్యత మీకు ఇప్పటికే తెలుసు, 1050 టీఐలో వాడుతూ ఉంటారు. రేపు పిల్లాడు ఏఐ అంటాడు, గ్యారంటీగా అంటాడు, అప్పుడు కూడా అన్నీ ఎన్‌విడియా సొంత కంప్యూట్ వేదిక అయిన క్యూడా అడుగుతాయి. మీరంతా కెర్నల్, మెసా అని మాట్లాడుతున్నారు, పని చేసేవాళ్లకి కావలసింది సాఫ్ట్‌వేర్ నడవడం.

పెంగ్విన్‌పిల్ల
ఏఐకి క్యూడానే అక్కర్లేదు. ఏఐ మోడళ్లు నడిపే లామా సీపీపీ వల్కన్ మీద కూడా నడుస్తుంది, ఏఎండీలో ఆర్ఓసీఎం పెట్టకుండానే.

భాను_త్రీడీ
నడుస్తుంది. కానీ యూట్యూబ్‌లో చూసి నేర్చుకునే పిల్లాడికి ప్రతి వీడియోలోనూ క్యూడానే చెప్తారు. 6600 ఆర్ఓసీఎం అధికారిక జాబితాలో కూడా లేదు. హెచ్ఎస్ఏ ఓవర్‌రైడ్ అని ఒక వేరియబుల్ పెట్టి 10.3.0 అని అబద్ధం చెప్తే, పెద్ద కార్డ్ అనుకుని పనిచేస్తుంది. ఇది మాస్టారు చేస్తారా, బాబు చేస్తాడా?

పెంగ్విన్‌పిల్ల
సరే, ఆ పాయింట్ నీదే. ఏఎండీలో ఆటలు, డెస్క్‌టాప్ హాయి. కంప్యూట్ దగ్గరికొస్తే చెప్పులరుగుతాయి.

డెబియన్_దాసు
మరి ఆ మూసేసిన డ్రైవర్ సంగతి? 2012లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ కెమెరా ముందు ఎన్‌విడియాకి వేలు చూపించాడు. ఊరికే చూపించలేదు.

భాను_త్రీడీ
2012 నుంచి గోదాట్లో చాలా నీళ్లు పోయాయి దాసు గారూ. 2022 మేలో కెర్నల్ మాడ్యూల్స్ ఓపెన్ చేశారు. ట్యూరింగ్, ఆ తర్వాతి కార్డులకి 560 డ్రైవర్ నుంచి అవే మామూలు ఎంపిక. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ అయితే ఓపెన్ మాడ్యూల్స్ లేకుండా నడవనే నడవదు. తెర మీద విండోలు చూపించే కొత్త పద్ధతి వేలాండ్‌లో తెర మినుకుమినుకుమనే గొడవ 2024లో 555తో ఎక్స్‌ప్లిసిట్ సింక్ వచ్చాక చాలావరకు పోయింది. అయినా మింట్ సినమన్ ఇప్పటికీ మామూలుగా పాత పద్ధతి ఎక్స్11 మీదే కదా నడిచేది, ఆయనకి ఆ బాధ అసలే లేదు.

డెబియన్_దాసు
ఓపెన్ చేసింది కెర్నల్ మాడ్యూల్ మాత్రమే. అసలు బుర్ర ఉన్న ఓపెన్‌జీఎల్, వల్కన్, క్యూడా భాగాలు ఇంకా మూసే ఉన్నాయి. పెద్ద ముక్క కార్డ్ లోపలి ఫర్మ్‌వేర్‌లోకి జరిపి, గుమ్మం దాకా తెరిచి ఇల్లు చూపించామంటున్నారు. దాని పక్కన ఎన్‌వీకే అని మెసాలో నిజంగా ఓపెన్ డ్రైవర్ పెరుగుతోంది, అది నాకిష్టం, కానీ దాంతో క్యూడా రాదు.

భాను_త్రీడీ
ఏఎండీకి కూడా ఫర్మ్‌వేర్ మూసిందే కదా. అది లేకుండా ఆన్ చేయండి చూద్దాం.

డెబియన్_దాసు
అందుకే డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ కలిపారు. నాకు నచ్చలేదు. వాడుతున్నాను.

ఊరికే_చూస్తున్నా
ఫర్మ్‌వేర్ అంటే గుర్తొచ్చింది. ఆర్ఎక్స్ 6600 ఫర్మ్‌వేర్ ఫైళ్ల పేరు డిమ్‌గ్రే కేవ్‌ఫిష్. ఆ తరం అంతా రంగు ప్లస్ చేప. సియెన్నా సిక్లిడ్, నేవీ ఫ్లౌండర్, బీజ్ గోబీ.

రాజమండ్రి_మాస్టారు
పులస లేదా?

సీటీసీ_సీను
పులస పేరు పెడితే కార్డ్ ధర మనకి అందదు సార్.

నాని77
😂😂 ఈ చర్చకి ఇదే హైలైట్

ఓరుగల్లు_గీక్
ఎడిటింగ్‌కి డావిన్సీ రిజాల్వ్ కూడా లినక్స్‌లో ఉంది కదా, ఉచితం. అది వాడితే ఎన్‌విడియా వైపే మొగ్గాలి, ఏఎండీలో దానికి ఓపెన్‌సీఎల్ అమర్చుకోవడం ఒక వ్రతం.

భాను_త్రీడీ
ఎన్‌విడియా వాదాన్ని నేనే చేస్తున్నా, కానీ ఇది మాత్రం సరికాదు. ఉచిత రిజాల్వ్ లినక్స్‌లో హెచ్264, హెచ్265 తెరవదు. ఏఏసీ ఆడియో కూడా తీసుకోదు. మాస్టారి ఓబీఎస్ రికార్డింగులు, ఫోన్ వీడియోలు అన్నీ అవే. ప్రతి క్లిప్‌నీ మార్చి పెట్టుకోవాలి. పాఠాలకి కెడెన్‌లైవ్ చాలు, హాయిగా ఉండండి.

లక్ష్మీ_ఎస్
ఇదే వరసలో ఫెడోరా వాళ్లకి ఒక మాట. ఫెడోరా 37 నుంచి పేటెంట్ల భయంతో మెసాలో హెచ్264 హార్డ్‌వేర్ డీకోడ్ తీసేశారు. ఏఎండీ కార్డ్ పెట్టి, యూట్యూబ్ చూస్తుంటే ప్రాసెసర్ వేడెక్కిపోతోంది అని ఏడ్చేవాళ్లు ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి ప్యాకేజీల గిడ్డంగి నుంచి ఫ్రీవరల్డ్ ప్యాకేజీ వేసుకోవాలి. మింట్‌లో ఈ తలనొప్పి లేదు.

సీటీసీ_సీను
ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ అని చౌకగా చూపిస్తారు, తీసుకోకండి. అది పీసీఐఈ (బోర్డ్‌లో కార్డ్ గుచ్చే స్లాట్) నాలుగు లేన్ల మీదే నడుస్తుంది. మాస్టారి బోర్డ్ పీసీఐఈ 3.0, అక్కడ ఇంకా నీరసపడుతుంది. ముఖ్యంగా దాంట్లో వీడియో ఎన్‌కోడరే లేదు. ఓబీఎస్ వాళ్లకి అది దండగ. 6600కి ఎనిమిది లేన్లు, 3.0 బోర్డ్‌లో పెద్దగా తేడా తెలియదు.

రాజమండ్రి_మాస్టారు
ఇది మంచి మాట చెప్పారు, షాపులో నాకు చూపించింది సరిగ్గా అదే.

కొంచెం స్పష్టంగా అడుగుతాను. భాను గారి 3060 కొంటే నా 450 ఎస్ఎంపీఎస్ చాలుతుందా? ఎన్‌విడియా అయితే అప్‌డేట్ చేసిన ప్రతిసారీ నాకు టెన్షన్, ఎప్పుడు తెర నల్లబడుతుందో అని.

కెర్నల్_కాశీ
3060 అంటే 170 వాట్లు, ఎన్‌విడియా చెప్పేది 550 వాట్ల ఎస్ఎంపీఎస్. మంచి బ్రాండ్ 450 అయితే మీ 65 వాట్ల ప్రాసెసర్‌తో లాగేయొచ్చు, కానీ నేను సిఫారసు చేయను. ఎస్ఎంపీఎస్ మార్చకుండా ఎన్‌విడియాలోనే ఉండాలంటే ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ ఉంది. 70 వాట్లే, స్లాట్ నుంచే కరెంట్, వైర్ అక్కర్లేదు. అయితే 8 జీబీ 3050 వేరు, 6 జీబీది వేరు, పేరు ఒకటే. 6 జీబీది బాగా నెమ్మది. బాక్స్ మీద చూసి కొనండి.

నల్ల తెర గురించి: కొత్త కెర్నల్ వచ్చినప్పుడు ఎన్‌విడియా మాడ్యూల్ దానికి తగ్గట్టు మళ్లీ తయారవ్వాలి. ఆ పని మధ్యలో చెడితే తెర రాదు. మింట్‌లో డ్రైవర్ మేనేజర్ నుంచి మాత్రమే వేయండి. వెబ్‌సైట్ నుంచి రన్ ఫైల్ దింపి దాని మీద వేయకండి, ఒకే బస్సుకి ఇద్దరు డ్రైవర్లు అయినట్టే. తెర పోతే బూట్ మెనూ అయిన గ్రబ్‌లో పాత కెర్నల్ ఎంచుకుని లోపలికి వెళ్లొచ్చు, లేదా నోమోడ్‌సెట్ అని చేర్చి బూట్ చేయొచ్చు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేశాక మొదటి రీబూట్‌లో నీలం తెర వచ్చి కీ నమోదు అడగొచ్చు. చాలామంది భయపడి కంటిన్యూ కొట్టేస్తారు, డ్రైవర్ లోడ్ అవ్వదు. అక్కడ ఎన్‌రోల్ ఎంచుకోవాలి.

నాని77
ఏఎండీలో ఈ పేరా మొత్తం అక్కర్లేదు 😌

ఓరుగల్లు_గీక్
అక్కడా కష్టాలు లేకపోలేదు. నా పాత మెషీన్ సస్పెండ్‌లోకి వెళ్తే లేచేది కాదు. కార్డ్ ఎవరిదో చెప్పను, చెప్తే మళ్లీ యుద్ధం.

లక్ష్మీ_ఎస్
నాదీ లేచేది కాదు. నేనూ చెప్పను. మీదీ నాదీ ఒకటే కంపెనీ కాదని మాత్రం నమ్మకం.

కెర్నల్_కాశీ
ఇంకొకటి, టీవీకి కలిపేవాళ్ల కోసం. ఏఎండీ ఓపెన్ డ్రైవర్‌లో హెచ్‌డీఎంఐ 2.1 పెట్టడానికి 2024 ఫిబ్రవరిలో హెచ్‌డీఎంఐ ఫోరం ఒప్పుకోలేదు. స్పెసిఫికేషన్ రహస్యం, కోడ్ బహిరంగం, ఆ రెండూ పొసగలేదు. 4కే 120 హెర్ట్జ్ టీవీ కొనేవాళ్లు ఏఎండీ వైపు వెళ్లేముందు ఇది చూసుకోవాలి. మానిటర్‌కి డిస్‌ప్లేపోర్ట్ ఉంటే బెంగలేదు. మాస్టారి మానిటర్ ఏంటి?

రాజమండ్రి_మాస్టారు
1080పీ, 75 హెర్ట్జ్. టీవీ హాల్లో ఉంటుంది, అది మా ఆవిడ అధీనంలో ఉంది, దానికి కేబుల్ తగిలించే ధైర్యం లేదు.

ఊరికే_చూస్తున్నా
మరో చిన్న డౌట్. మా ఊరి నెట్ సెంటర్‌లో లినక్స్‌లో తెలుగు ఒత్తులు విడివిడిగా పడుతున్నాయి. మంచి గ్రాఫిక్స్ కార్డ్ వేస్తే సరవుతాయా?

డెబియన్_దాసు
ఒత్తులకీ కార్డ్‌కీ సంబంధం లేదు బాబూ. అక్షరాలు అతకడం హార్ఫ్‌బజ్ పని, ఫాంట్ పని. నోటో ఫాంట్ వేసి చూడమను, అప్పటికీ విడిపోతే ఆ ప్రోగ్రామే పాతది.

ఊరికే_చూస్తున్నా
4090 కొందామనుకున్నారు పాపం వాళ్లు.

సీటీసీ_సీను
సెకండ్ హ్యాండ్ ఎవరూ అడగలేదు, నేనే చెప్తా. ఆర్ఎక్స్ 580 8 జీబీ చౌకగా దొరుకుతుంది, లినక్స్‌లో ఇప్పటికీ నడుస్తుంది. కానీ చాలావరకు క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబవళ్లు కాలినవి. కొన్నింటికి బయాస్ మార్చేసి ఉంటారు. ఫ్యాన్ చేత్తో తిప్పి చూడండి, స్క్రూల మీద గీతలు చూడండి, షాపులోనే అరగంట లోడ్ పెట్టమనండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. మాస్టారి 450కి అది ఎలాగూ బరువే, 185 వాట్లు లాగుతుంది.

భాను_త్రీడీ
మాస్టారూ, నా వైపు నుంచి ఆఖరి మాట. బాబు రోజూ బ్లెండర్ తెరుస్తుంటే 3060, కొత్త ఎస్ఎంపీఎస్ కూడా లెక్కలో వేసుకోండి. వారానికోసారి తెరుస్తుంటే 6600. ఆరు నెలలు బ్లెండర్‌లోనే ఉన్న ఇంకో ఇంజిన్ ఈవీ మీద నేర్చుకుంటే సైకిల్స్ వేగం గురించి బాధ ఉండదు. ఈవీ ఓపెన్‌జీఎల్, వల్కన్ మీద నడుస్తుంది, ఏఎండీలో బ్రహ్మాండంగా ఉంటుంది.

పెంగ్విన్‌పిల్ల
భాను నోట ఏఎండీ బ్రహ్మాండం. స్క్రీన్‌షాట్ తీశా.

నాని77
నేను ఫ్రేమ్ కట్టిస్తా

రాజమండ్రి_మాస్టారు
మావాడిని కూర్చోబెట్టి అడిగాను. బ్లెండర్‌లో చేసింది ఒక డోనట్, అది కూడా సగం. సైకిల్స్ అంటే ఏంటని నన్నే అడిగాడు. కాబట్టి 6600 ఖాయం చేశాను. నిన్న పని మీద సికింద్రాబాద్ వెళ్లినప్పుడు బిల్లుతో తీసుకున్నాను, జీఎస్టీ కలిపి బడ్జెట్ లోపే వచ్చింది. పాత ఎన్‌విడియా డ్రైవర్ ముందే తీసేసి పెట్టాను.

ఇప్పుడు ఒక చిక్కు. కార్డ్‌కి 8 పిన్ పవర్ అడుగుతోంది. 1050 టీఐకి ఏ వైరూ లేదు. నా ఎస్ఎంపీఎస్‌లో 6 పిన్ కూడా కనిపించడం లేదు, పాత హార్డ్‌డిస్క్‌ల మోలెక్స్ వైర్లే ఉన్నాయి. షాపతను మోలెక్స్ నుంచి 8 పిన్ కన్వర్టర్ 150 రూపాయలకి ఇచ్చాడు. పెట్టమంటారా?

కెర్నల్_కాశీ
వద్దు. ఆన్ చేయకండి.

సీటీసీ_సీను
వద్దు సార్ 🙏

కెర్నల్_కాశీ
8 పిన్ మీద 150 వాట్ల దాకా లాగొచ్చని కార్డ్ అనుకుంటుంది. ఒక్క మోలెక్స్ వైర్ మీద ఆ భారం పడితే ప్లాస్టిక్ కరుగుతుంది. అసలు 450 వాట్లు అని స్టిక్కర్ వేసి పీసీఐఈ కనెక్టర్ ఒక్కటి కూడా ఇవ్వలేదంటే ఆ 450 నిజమని నేను నమ్మను. స్టిక్కర్ మీద 12 వోల్ట్ పక్కన ఎన్ని ఆంపియర్లు రాసుందో చూడండి. దాన్ని 12తో గుణిస్తే వచ్చేదే అసలు సంగతి.

రాజమండ్రి_మాస్టారు
12 వోల్ట్, 16 ఆంపియర్లు అని ఉంది. అంటే 192?

కెర్నల్_కాశీ
192 వాట్లు. ప్రాసెసర్‌కి 65, కార్డ్‌కి 132, అక్కడికే దాటింది. ఇంకా ఫ్యాన్లు, డిస్క్ లెక్కపెట్టలేదు. 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్, 6+2 పిన్ వైర్ ఉన్నది తీసుకోండి. అది వచ్చేదాకా 1050 టీఐనే వాడండి.

రాజమండ్రి_మాస్టారు
ఆన్‌లైన్‌లో 550 బ్రాంజ్ ఆర్డర్ పెట్టాను, ఎల్లుండి వస్తుందట. కన్వర్టర్ వెనక్కి తీసుకోనన్నాడు షాపతను. తీసేసిన ఎన్‌విడియా డ్రైవర్ మళ్లీ డ్రైవర్ మేనేజర్ నుంచి 580 వేసుకుంటున్నాను, రేపు పాఠం రికార్డ్ చేయాలి.

కొత్త_సభ్యుడు_శీను
ఇదే చర్చలో అడుగుతున్నా ఏమనుకోకండి, ల్యాప్‌టాప్‌లో రెండు కార్డులున్నాయి, ఇంటెల్ ఒకటి ఎన్‌విడియా ఒకటి. బ్యాటరీ గంటన్నరే వస్తోంది, ఏం చేయాలి?

కెర్నల్_కాశీ
దానికి విడిగా చర్చ తెరవండి. తెరిచేముందు ప్రైమ్ సెలెక్ట్‌లో ఆన్ డిమాండ్ ఉందో, ఎన్‌విడియా అని ఉందో చూసి అది కూడా రాయండి. ఎన్‌విడియా అని ఉంటే ఆ కార్డ్ ఎప్పుడూ మేలుకునే ఉంటుంది.

నాని77
ల్యాప్‌టాప్ కూడా ఏఎండీ తీసుకో తమ్ముడూ.

ఓరుగల్లు_గీక్
అడ్మిన్ గారూ, నాని77ని ఒక వారం మ్యూట్ చేయగలరా?